తీసి చూడు

మా బాపుకు కార్ఖానా యజమాని సేఠ్ ఒక్కటంటే ఒక్క రోజు గడువిచ్చాడు. సరిగ్గా ఆ రోజే నేను కార్ఖానా సర్వర్‌లో సగం సామాను పీకి పారేశాను. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది, ఆ వెంటనే నవ్వూ వస్తుంది. రెండూ కలిసి వచ్చే జ్ఞాపకాలు నాకు ఎక్కువ లేవు కాబట్టి ఇది రాసిపెట్టుకుంటున్నాను.

ముందు బాపు, అంటే మా నాన్న, సంగతి చెప్పాలి. కరీంనగర్ వైపు నుంచి మీసాలు కూడా సరిగా రాని వయసులో సూరత్ బండెక్కిన మనిషి. పవర్‌లూమ్‌లను మావాళ్లు సాంచాలంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన సాదా సాంచాల మధ్యే నిలబడ్డాడు. నిలబడ్డాడని ఊరికే అనడం లేదు, పన్నెండు గంటల పాళీలో కూర్చోవడానికి అక్కడ పీట కూడా ఉండదు. మోకాళ్లు అరిగిపోయాయి. ఎడమ చెవి పనిచేయదు, కుడి చెవి మొహమాటానికి పనిచేస్తుంది. సూరత్‌లోని వడోద్‌లో మా ఇంట్లో టీవీ పెడితే వీధి వీధంతా వార్తలు వింటుంది.

నేను పనిచేసేదీ అదే కార్ఖానాలో, పాండేసరాలో. సాంచాల హాలు పక్కన అద్దాల గదిలో కూర్చుని డిజైన్ల కంప్యూటర్లు చూసుకుంటాను. ఇక్కడి తెలుగు మీడియం బడిలో చదివి, తర్వాత డిప్లొమా చేశాను. ఇంత చెప్పింది గొప్పకు కాదు. అంత చదివీ ఆ రోజు చేసిన పని చూసి నన్ను ఏమని తిట్టుకోవాలో మీరే తేల్చుకుంటారని.

ఆ మధ్యే మా దగ్గరికి కొత్త జకార్డ్ సాంచాలు వచ్చాయి. కంప్యూటర్ నుంచి డిజైన్ వెళ్తే చాలు, బుటాలూ అంచులూ వాటంతటవే బట్ట మీద పడతాయి. జకార్డ్ హాలుకు ఒక మాస్టర్ కావాలి. మాస్టర్‌కు అక్కడ ఒక స్టూలు ఉంటుంది. నా కళ్లన్నీ ఆ స్టూలు మీదే. బాపు దాని మీద కూర్చోవాలి, అంతే. నేనే వెళ్లి సేఠ్‌ను నెల రోజులు సతాయించాను. చివరికి ఆయన విసిగి, "శుక్రవారం నాలుగింటికి చెన్నై వ్యాపారులు వస్తారు. ఆలోగా మీ నాన్న జకార్డ్ మీద నాలుగు మీటర్ల నమూనా నేసి చూపిస్తే పని ఆయనదే. లేదంటే బయటినుంచి నేర్చినవాణ్ని తెచ్చుకుంటా" అని తేల్చేశాడు. పాళీ మారే వేళ అందరి ముందూ బాపు ఛాతీ విరుచుకుని ఒక మాటన్నాడు.

"డిజైన్‌కు ఫికర్ లేదు సేఠ్, మా బిడ్డ పంపిస్తది."

శుక్రవారం పొద్దున పదకొండు. డిజైన్ సిద్ధంగా ఉంది, మామిడి పిందెల అంచు. నెల రోజుల నుంచీ నేను మురిపెంగా చేసుకున్నది. కాని దాన్ని సాంచాకు అర్థమయ్యే భాషలోకి మార్చే ప్రోగ్రాం మొరాయించింది. రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ ఎర్ర అక్షరాలే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, మనుషుల మీదకంటే యంత్రాల మీద ఇంకా తొందరగా వస్తుంది. సార్‌కు ఫోన్ చేశాను.

సార్ అంటే ఆ సర్వర్‌ను పుట్టించిన మనిషి. రైల్వేలో టెలిఫోన్లూ సిగ్నళ్లూ చూసి రిటైరై ఇక్కడే భేస్తాన్‌లో ఉంటున్నారు. సొంతూరు తెనాలి. పాత కంప్యూటర్లకు ప్రాణం పోయడం ఆయన సరదా. మా సర్వర్ కూడా అట్లాంటిదే. సర్వర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి, నా బల్ల కింద దుమ్ము పడకుండా ఎర్ర గుడ్డ కప్పుకుని కూర్చునే ముసలి డబ్బా. డిజైన్లన్నీ దాని పొట్టలోనే, సాంచాలన్నిటికీ అవి వెళ్లేదీ దానిలోంచే.

ఆయన అంతా విని, "అందులో పైథాన్లు రెండుంటాయమ్మాయ్, పాతదొకటి, కొత్తదొకటి. నువ్వు ముందు ఆ కొత్త పైథాన్ తీసి చూడు" అన్నారు.

సరిగ్గా అప్పుడే సేఠ్ అద్దాల గది తలుపు తెరిచాడు. తలుపు తెరిస్తే హాల్లోని సాంచాల మోత మొత్తం లోపలికి దూకుతుంది. సార్ ఇంకా ఏదో చెప్తున్నారు, నాకు గరగర తప్ప ఏమీ వినపడలేదు. "డిజైన్ గయా క్యా?" అని సేఠ్ అడిగాడు. పది నిమిషాల్లో పంపిస్తానని చెప్పి, ఫోన్ పెట్టేసి, కీబోర్డు ముందుకు లాక్కున్నాను.

పైథాన్ అంటే పాము కాదు, ప్రోగ్రాములు రాసే ఒక భాష. సర్వర్‌లో చాలా పనులు దాని వెన్నెముక మీదే నడుస్తాయి. అది నాకు తెలుసు. తెలిసీ, తీసి చూడమన్నారు కదా అని తీసేశాను. ఆ పనికి 'రిమూవ్' అని ఒక కమాండ్ ఉంటుంది. కొట్టగానే తెర మీద పెద్ద జాబితా వచ్చింది. దీంతోపాటు ఇవి కూడా పోతాయి, ముందుకెళ్లమంటావా అని సర్వర్ పాపం మర్యాదగానే అడిగింది. ఆ జాబితాలో ఒక్క పేరైనా చదివానా? లేదు. మా అమ్మ కాగితాలు చదవకుండా వేలిముద్ర వేస్తుందని ఆమెతో వారానికోసారి పోట్లాడే మనిషిని, 'వై' నొక్కేశాను.

తెర పరుగెత్తింది. ఒకదాని వెనక ఒకటి పేర్లు. తీసేస్తున్నాను, తీసేస్తున్నాను, తీసేస్తున్నాను. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా గొరిగిందంటారే, అదే జరుగుతోంది నా కళ్ల ముందు. సాంచాలకు డిజైన్లు అందించే సర్వీసు పోయింది. నెట్‌వర్క్ చూసుకునేది పోయింది. ఆపుదామని నేను తేరుకునేలోపే అంతా అయిపోయి, నల్ల కిటికీలో తెల్ల గీత ఒక్కటి ఏమీ ఎరగనట్టు మిణుకు మిణుకుమంటూ నిలబడింది.  బాపు సాంచా దగ్గర పడుగు సరిచూసుకుంటూ నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మళ్లీ సార్‌కు ఫోన్ చేశాను. "సార్, తీసేశాను. అన్నీ పోయాయి."

"ఏం తీసేశావ్?"

"పైథాన్. మీరే కదా సార్ తీసి చూడమన్నారు!"

 అవతల గట్టిగా ఒక నిట్టూర్పు. "ఓసి నీ తెలివి తెల్లారా! తీసి అంటే తెరిచి అని తల్లీ! తెరిచి, వెర్షన్ ఎంతుందో చూసి చెప్పమన్నాను. ఫైలు తియ్యి అంటాం, పుస్తకం తియ్యి అంటాం, అట్లా! నువ్వు నిజంగా తీసి అవతల పడేశావా?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తెలుగులో ఇన్ని మాటలుండగా ఈయనకు ఇదే దొరికిందా? తెరువు అనొచ్చు. ఓపెన్ చెయ్యి అని లోకమంతా అంటుంది. ఒకే మాటతో తలుపు తెరుస్తాం, అదే మాటతో చెప్పులు విడుస్తాం, అదే మాటతో ఫోటో కొడతాం. ఇంత గొప్ప భాష నా నెత్తినే పగలాలా? అదంతా ఆయన మీద వెళ్లగక్కేశాను కూడా. ఆయన ఓపిగ్గా విని, "తిట్టడం అయిందా? ఇప్పుడు విను. ఒకటే సూత్రం. దాన్ని ఆపొద్దు, ఆ నల్ల కిటికీ మూయొద్దు. ఇప్పుడది ఊపిరి బిగబట్టుకుని నడుస్తోంది. ఒక్కసారి ఆపావా, మళ్లీ లేవదు" అన్నారు.

ఆయన అన్నారో లేదో సేఠ్ రానే వచ్చాడు. నా మొహం చూశాడు, తెర చూశాడు.

"శూఁ థయూఁ? క్యా హుఆ?"

"పైథాన్ నికల్ గయా సేఠ్."

"అజగర్?" కొండచిలువ బయటికొచ్చిందనుకుని ఆయన ఒక కాలు పైకెత్తి బల్ల కిందికి చూశాడు. ఇంకొక రోజైతే కిందపడి నవ్వేదాన్ని. కంప్యూటర్ సంగతేనని అర్థమయ్యాక ఆయనకు ధైర్యం వచ్చింది. "అరే బేటీ, ఇస్మే క్యా హై! బంద్ కర్కే చాలూ కర్ దే!" అంటూ స్విచ్ మీదికి చెయ్యి చాచాడు. లోకంలో ప్రతి రోగానికీ ఇదొక్కటే మందు, ఆపి మళ్లీ వేయడం. నేను కుర్చీలోంచి ఎగిరి స్విచ్ బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాను. సేఠ్‌తో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు, ఆ రోజు మాట్లాడాను. "హాథ్ మత్ లగానా సేఠ్! రెండున్నర దాకా ఈ గదిలో ఎవ్వరూ ఏదీ ముట్టుకోవద్దు!" ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, గడియారం వైపు వేలు చూపించి వెళ్లిపోయాడు. నాలుగు మీటర్లకు గంటన్నర పడుతుంది. రెండున్నరకు డిజైన్ వెళ్లకపోతే బాపు స్టూలు లేనట్టే.

పోయినవి మళ్లీ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్‌ను చూసుకునేదాన్నే నేను తీసేశాను. గోరుచుట్టు మీద రోకటి పోటు. చేత్తో ఒక కమాండ్ కొట్టి నెట్‌ను అడుక్కోవచ్చన్నారు సార్. అది ఒక్కొక్క అక్షరం చెప్తే తప్ప ఎక్కేది కాదు, ఈ మోతలో 'డి'కీ 'టి'కీ తేడా తెలియదు. అప్పుడు ఆయనలోని రైల్వే మనిషి లేచాడు.

"రాసుకో. దాదర్, హౌరా, చెన్నై, లోనావాలా, ఇటార్సీ, ఏలూరు, నాగపూర్, తెనాలి!"

దేశమంతా తిరిగి బండి తెనాలిలో ఆగింది. ఇంగ్లీషులో మొదటి అక్షరాలన్నీ కొట్టి ఎంటర్ నొక్కాను. తెర ఆలోచించింది. నేను ఊపిరి బిగపట్టాను. ఒక వరుస, ఇంకొక వరుస, ఆ తర్వాత అంకెలు. నెట్ వచ్చింది! ఎగిరి గంతేశాను, మోకాలు బల్లకు తగిలింది, ఆ నొప్పి కూడా తియ్యగానే ఉంది. ఫోన్లో సార్ "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి, ఆ గొంతులో మాత్రం బండి అందుకున్న పిల్లవాడి సంబరం ఉంది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. పైథాన్ తెచ్చుకుంటాం సరే, దాంతోపాటు పోయిన సర్వీసుల మాటేమిటి? ఏ సాంచాకు ఏ దారి, ఎవరికి ఏ ఫోల్డర్, అన్నీ సార్ ఎప్పుడో కూర్చుని వారం రోజులు రాసిన సెట్టింగులు. అవీ పోయుంటే? అది అడగడానికి నాకు నోరు రావడం లేదు. అప్పుడే బాపు లోపలికి వచ్చాడు. అద్దంలోంచి నా గంతులు, ఆ తర్వాత నా మొహం, రెండూ చూసినట్టున్నాడు.

"ఏందిరా బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

దాచడం నాకు చేతకాదు. ఫోన్ స్పీకర్ మీదే ఉంది, ఆయన కుడి చెవిలో అరిచి మొత్తం చెప్పాను. తీసి చూడమన్నది, తీసేసింది, పోయింది. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఒక ప్రశ్న అడిగాడు.

"పడుగు పోయిందంటే పోయింది, మళ్ల వస్తది. పాత పోగుల కొసలు అచ్చుల ఉన్నయా, గుంజి పారేసినవా?"

ఇది మా నేతపని మాట. పడుగు, అంటే నిలువు పోగులు, చుట్టిన బీము అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలను దువ్వెనలాంటి అచ్చులో అట్లాగే ఉంచుతారు. కొత్త పోగును తెచ్చి పాత కొసకు పురిపెట్టి అతికితే చాలు, దారి అదే పడుతుంది. అచ్చు అతకడం అంటారు. కొసలు కూడా లాగేశామా, వేల పోగులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. అది ఒక పూటలో తెమిలే పని కాదు.

ఫోన్లోంచి సార్ అరిచారు. "ఎవరమ్మా ఆయన? మీ నాన్నగారా? అడగాల్సింది అడిగారు! నువ్వు కొట్టిన కమాండ్ ఏంటి? రిమూవా, పర్జా?"

"రిమూవ్ సార్!"

"బతికించావ్! పర్జ్ అయితే ఊడ్చేసేది. రిమూవ్ అయితే సామాను పోతుంది గాని సెట్టింగులు అక్కడే ఉంటాయి. కొసలు ఉన్నాయని చెప్పు మీ నాన్నగారికి!"

"కొసలు ఉన్నయి బాపూ!"

"ఉంటే భయమేంది? అతుకు" అని, తనకిక ఇక్కడ పనిలేదన్నట్టు ఆయన సాంచా దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ క్షణంలో బాపును ఎత్తుకుని తిప్పాలనిపించింది.

ఇక పట్టాలెక్కింది బండి. ఏమేం తీశామో ఆ సర్వరే ఒక చిట్టాలో రాసిపెట్టుకుంటుందట. సార్ చెప్పిన చోట చూస్తే, నేను కొట్టిన తప్పుడు కమాండ్‌తో సహా అన్ని పేర్లూ వరసగా ఉన్నాయి. సిగ్గుతో చచ్చాను, ఆనందంతో బతికాను. ఆ పేర్లన్నిటినీ ఒక్క వరుసలోకి ఎత్తి, ఇవన్నీ మళ్లీ పెట్టు అని కమాండ్ రాశాను. అది మళ్లీ అడిగింది, ముందుకెళ్లమంటావా అని. ఈసారి మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పైకి చదివాను. సార్ అవతల "ఊఁ, ఊఁ" అంటూ విన్నారు. ఆ తర్వాతే 'వై'.

దిగుమతి మొదలైంది. పది శాతం. ఇరవై. ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలైంది. నలభై దగ్గర ఆగిపోయి నా ప్రాణం తీసింది. ఇక్కడ తీయడమంటే ఇంకో అర్థం, గమనించండి. మళ్లీ కదిలింది. టీ తెచ్చినామె కూడా కప్పు చేతిలో పట్టుకుని తెర ముందే నిలబడిపోయింది, ఏం చూస్తోందో ఆమెకే తెలియదు. రెండు కొట్టేసరికి అన్నీ వచ్చేశాయి. సర్వీసు లేచింది, పాత కొసలు పట్టుకుంది. సాంచాల పేర్లు తెర మీద ఒక్కొక్కటిగా పచ్చగా వెలిగాయి. నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు, ఫోన్ అవతల సార్ మాత్రం చప్పట్లు కొడుతున్నారు.

"ఇప్పుడు," అన్నారాయన, "కొత్త పైథాన్ తెరువు. తె-రు-వు. అర్థమైందా?"

తెరిచాను. వెర్షన్ చెప్పాను. ప్రోగ్రాం ఎర్ర అక్షరాలు చదివి వినిపించాను. ఆయన అనుమానంగా, "డిజైన్ ఫైలుకు పేరేం పెట్టావ్?" అన్నారు.

పేరా? బాపు కోసం చేసిన డిజైన్ కదా అని మురిసిపోయి, ఎప్పుడూ లేనిది ఆ ఒక్క ఫైలుకు తెలుగు అక్షరాల్లో 'బాపు' అని పెట్టాను. ఆ మార్చే ప్రోగ్రాం పాతకాలంది, దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేవీ తెలియవు. పొద్దున్నుంచీ జరిగిన రామాయణమంతా ఆ రెండక్షరాల కోసం! అదే పేరును ఇంగ్లీషులో రాశాను. ప్రోగ్రాం కిక్కురుమనకుండా పనిచేసింది. రెండు గంటల ఇరవై నిమిషాలకు డిజైన్ సాంచాకు వెళ్లింది.

పరుగెత్తుకుంటూ హాల్లోకి వెళ్లాను. సాంచా మీది చిన్న తెరలో బాపు అన్న మాట ఇంగ్లీషులో మెరుస్తోంది. బాపుకు ఇంగ్లీషు రాదు, అదేమిటో నేను వేలుపెట్టి చదివి చెప్పాను. గుజరాత్‌లో మర్యాదస్తులను కూడా బాపూ అనే పిలుస్తారు కదా, ఆ పేరు తన కోసమే పెట్టాననుకుని వెనకనుంచి సేఠ్ మీసం దువ్వుకున్నాడు. నేను దిద్దలేదు. బాపు బటన్ నొక్కాడు. ఎరుపు మీద బంగారు రంగు మామిడి పిందె తోక ముందు కనబడింది, తర్వాత నడుము, తర్వాత తల. 

నాలుగింటికి వ్యాపారులు వచ్చేసరికి నాలుగు మీటర్లూ పడ్డాయి. వాళ్లు బట్టను వెలుతురుకు పట్టి చూశారు, గోటితో గీరి చూశారు, తల ఊపారు. సేఠ్ మొహం విప్పారింది. పక్కనున్న మేనేజర్ వైపు తిరిగి, బాపును చూపిస్తూ గట్టిగా అన్నాడు.

"ఇస్కో ప్లెయిన్ సే నికాల్ దో..."

మిగతాది సాంచాల మోతలో కొట్టుకుపోయింది. బాపు కుడి చెవికి ఎక్కింది 'నికాల్ దో' ఒక్కటే. తీసెయ్ అని. ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను.  ఆయన వెళ్లి మేకుకున్న తువ్వాలు తీసుకున్నాడు, జేబులోని చిన్న కత్తెర తీసి సాంచా మీద పెట్టాడు, టిఫిన్ డబ్బా చేతికి తగిలించుకున్నాడు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి సర్దుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. అది చూసి నా గుండె చెరువైంది.

పొద్దున్నైతే నేనూ అదే మాట పట్టుకుని సేఠ్ మీదికి లేచేదాన్ని. కాని ఆ రోజు నాకు ఒక పాఠం అప్పటికే అయింది. బాపు చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆగు బాపూ, ఇంకో సగం వినలే" అన్నాను. వెళ్లి సాంచా ఆపాను. హాల్లో కొంచెం మోత తగ్గింది.

"సేఠ్, ఏమన్నారో మొత్తం చెప్పండి. మొదటినుంచి."

సేఠ్ వింతగా చూశాడు. "క్యా బోలా? ప్లెయిన్ సే నికాల్ దో, ఔర్ జకార్డ్ మే బిఠా దో. యహీ బోలా."

సాదా సాంచాల నుంచి తీసి, జకార్డ్‌లో కూర్చోబెట్టు. బాపు కుడి చెవి దగ్గర నోరు పెట్టి అది తెలుగులో చెప్పాను, రెండు సగాలూ కలిపి, రెండుసార్లు. ఆయన విన్నాడు. నా మొహంలోకి చూసి అన్నాడు.

"తలుపు తియ్యిమంటే తలుపే ఊడబెరికితివి నువ్వు. నేను నీకు తండ్రినే గదా, పొమ్మనకముందే బయటికి నడిస్తి."

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతోపాటు కన్నీళ్లూ వచ్చాయి, తుడుచుకోలేదు. జకార్డ్ హాలు మూలనున్న స్టూలును నేనే లాక్కొచ్చి వేశాను. బాపు ముందు దాన్ని అరచేత్తో తుడిచాడు, తర్వాత మెల్లగా, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ ఆయన తిండి తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"డబ్బా తియ్యి బాపూ" అన్నాను.

తీశాడు. తీశాడంటే, మూత తెరిచాడు.